పదకొండో రోజు చాప

పాపాయి చేతుల మీద నల్లంపర్రులో రెండు తరాలు భూమ్మీద పడ్డాయి. భీమవరానికి ఆరు మైళ్ళ దూరం ఆ ఊరు. రాజుల వీధిలో ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, కాలు మీద కాలేసుకుని ఊరికి తీర్పులు చెప్పే పెద్దమనుషుల్లో సగం మందిని మొట్టమొదట తలకిందులుగా పట్టుకుని, వీపు మీద రెండు తగిలించి కేరుమనిపించింది ఆవిడే. ఆ వీధిలో పాపాయిని ‘ఆవిడ’ అన్నవాళ్ళు లేరు. ‘అది’ అనేవాళ్ళు. పోనీ, ఇక్కడైనా ఆవిడ అందాం, మన సొమ్మేం పోయింది.

మంత్రసాని పనికి అక్కడొక పద్ధతి ఉండేది. నొప్పులు మొదలవగానే మాలపేట నుంచి పాపాయిని పిలుచుకొచ్చేవారు. పెరటి గుమ్మంలోంచి పురిటిగదిలోకి వెళ్ళేది. ఇక పది రోజులు ఆ గది ఆవిడ రాజ్యం. బిడ్డని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పొయ్యాలన్నా, తల్లికి నడుం కట్టాలన్నా, బాలింత మందు కాయం తినిపించాలన్నా ఆవిడే. ఇంట్లోవాళ్ళెవరూ తాకరు. పురుడు కదా, ఆ పది రోజులూ తల్లీ బిడ్డా కూడా అంటు కిందే లెక్క. అందరూ అంటయినచోట పాపాయి వల్ల కొత్తగా వచ్చే మైలేముంది? అక్కడే తినేది, అక్కడే పడుకునేది.

పదకొండో రోజు పొద్దున్న తల్లికీ బిడ్డకీ ఆఖరుసారి నీళ్ళు పోసి, పెరటి అరుగు మీద పరిచిన కొత్త చాప మీద బిడ్డని పడుకోబెట్టి, పది అడుగులు వెనక్కి జరిగి నిలబడాలి. పంతులుగారు పసుపునీళ్ళు చల్లుతారు. అప్పుడు ఇంటివాళ్ళు వచ్చి చాప మీంచి బిడ్డని ఎత్తుకుంటారు. చేతుల్లోంచి చేతుల్లోకి మాత్రం అందుకోరు. ఆ క్షణం నుంచి తల్లి శుద్ధి, బిడ్డ శుద్ధి, ఇల్లు శుద్ధి. పాపాయి ఒక్కతే మిగిలిపోయేది. ఓ కొత్త చీర, చేటెడు బియ్యం అరుగు చివర పెడితే తీసుకుని వచ్చిన దారినే పోవాలి. మర్నాడు ఆ బిడ్డకే కడుపునొప్పి వస్తే దూరంగా నిలబడి మందు చెప్పాలి తప్ప, పొట్ట నిమరకూడదు.

నలభై అయిదేళ్ళపాటు ఆవిడ ఆ చాప మీద బిడ్డల్ని పెడుతూనే వచ్చింది. మొదట్లో ఏడుపొచ్చేది. తరవాత్తరవాత నవ్వేసేది. “పది రోజులు అమ్మని, పదకొండో రోజు ఎవతినో!” అని పేటలో ఆడాళ్ళతో అనేది. నవ్వకపోతే బతకనిస్తారా మరి?

పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదో సంవత్సరంలో విశ్వనాథరాజుగారి ఇంట్లో పురుడొచ్చింది. కోడలు అలివేలుమంగకి పుట్టింట్లో తల్లి లేదు, అందుకని మొదటి కాన్పు అత్తవారింట్లోనే జరిగింది. భీమవరంలో లేడీ డాక్టరు ఉన్నా అత్తగారు బంగారమ్మగారికి పాపాయి చేతి మీదే నమ్మకం. ఉండదూ మరి! ఆవిడ కొడుకు వేణుగోపాలరాజు ఎదురుకాళ్ళతో పుట్టాడు. ఊపిరి లేకుండా నీలంగా పడిన ఆ పిల్లాణ్ణి పాపాయి నోట్లో నోరు పెట్టి ఊది ఊది బతికించింది. ఆ నోరు పెట్టిన సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ పిల్లాడే పెద్దవాడై, ఇంజనీరింగు చదివి, ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర ఓ ఫ్యాక్టరీలో రెండేళ్ళు పనిచేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు అతని కూతురు పాపాయి ఒళ్ళో ఉంది. పచ్చటి పిల్ల, గుప్పిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది.

పిల్ల పుట్టిన మూడోరోజు సాయంత్రం ఊళ్ళో లైబ్రరీ వార్షికోత్సవం. వేణుగోపాలరాజు ముఖ్యవక్త. విషయం తెల్లవాళ్ళ జాత్యహంకారం. లైబ్రరీ వాళ్ళ ఇంటికి నాలుగిళ్ళ అవతలే, స్తంభానికి మైకు కట్టారు. పురిటిగది కిటికీలోంచి ప్రతి మాటా వినిపించింది. పాపాయి, అలివేలుమంగ ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు.

“గది అద్దెకివ్వబడును అని కిటికీలో అట్టముక్క వేలాడుతోందండి. ఫోను చేశాను. ఇంటావిడ రమ్మంది. గుమ్మంలో నిలబడ్డాను. నా ముఖం చూసింది. ‘ఇప్పుడే ఇచ్చేశామండీ’ అంది. మర్నాడు అటుగా వెళ్తే అట్టముక్క అలాగే వేలాడుతోంది!” మైకులో అతను గొంతు పెంచాడు. “దుకాణంలో రొట్టె కొంటే అక్కడి దొరసాని చిల్లర నా చేతిలో పెట్టలేదండి. బల్ల మీద పెట్టి వేలితో నావైపు తోసింది. మనిషి చెయ్యి మనిషికి తగిలితే ఏమౌతుందండీ? కరుస్తుందా? ఆ రాత్రి గదిలో కూర్చుని ఏడ్చాను. ఇంత చదువు చదివి, ఇంత వంశంలో పుట్టి, నేనేం తప్పు చేశానని?”

సభలో ‘ఛీ ఛీ’ అన్నారు. అధ్యక్షులుగా కూర్చున్న విశ్వనాథరాజుగారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారట. ఇక్కడ పురిటిగదిలో పాపాయికి కూడా కన్నీళ్ళు ఆగలేదు. “నా బాబుని గుమ్మంలోంచి పంపేసిందా! దాని ఇల్లు పాడుగానూ!” అని తిట్టిపోసింది. నిజంగానే ఏడ్చింది. ఆ గుమ్మంలో నిలబడ్డవాడి కడుపు ఎలా మండుతుందో ఆవిడకి ఒకరు చెప్పాలా? మనిషి ముఖం చూసి మాట మారిపోవడం, చెయ్యి తగలకుండా వస్తువు కింద పెట్టడం... ఆవిడ బతుకంతా అదే కదా.

అలివేలుమంగ ముక్కు చీదుకుంటూ, “ఎంత అవమానమో పాపాయీ! నీకు తెలీదులే, పరాయిచోట అలా చులకనగా చూస్తే ఎలా ఉంటుందో” అంది.

పాపాయి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఎగతాళి కాదు, నిజంగానే అంటోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, మంచిదే. పాపాయి చంటిదాని దుప్పటి సర్దింది. కానీ ఆవిడ మనసులో ఓ ఆశ మొలిచింది. ఎందుకంటే ఆవిడకో రహస్యం ఉంది.

పాపాయికి ఒక్కతే కూతురు. ఆ కూతురు పోతే, మనవరాలు సత్యకుమారిని ఆరో ఏటే నరసాపురం మిషను హాస్టల్లో వేసింది. పద్నాలుగేళ్ళు క్రిస్మసుకీ వేసవి సెలవులకీ తప్ప మనవరాలి ముఖం చూడలేదు. ఆ పిల్ల నర్సు ట్రైనింగు పూర్తి చేసింది. ప్రభుత్వం ఇచ్చిన మొదటి ఉద్యోగం ఎక్కడనుకున్నారు? నల్లంపర్రు! ఆ ఊళ్ళో కొత్తగా ఆరోగ్య ఉపకేంద్రం పెడుతున్నారు. ఊళ్ళో అద్దె ఇల్లు దొరికితేనే కేంద్రం, ముందుగదిలో మందులు, వెనకగదిలో నర్సు. ఇల్లు దొరక్కపోతే కేంద్రం వేరే ఊరికి పోతుంది, దాంతో సత్యకుమారీ పోతుంది. ఇల్లు మేమిస్తామని విశ్వనాథరాజుగారే ఒప్పుకున్నారు. వీధివైపు గుమ్మమున్న రెండుగదుల పెంకుటిల్లు, సున్నం కూడా వేయించారు. వచ్చే నర్సు ఎవరి పిల్లో మాత్రం వాళ్ళకి తెలీదు, కాయితం మీద ఎం.సత్యకుమారి అనే ఉంది. పురుడు తీరాక నెమ్మదిగా చెబుదామనుకుంది పాపాయి. కానీ ఆ మైకు విన్నాక, ‘వీళ్ళకి తెలిసొచ్చింది, దెబ్బ తిన్నవాళ్ళు కదా, ఇంకేం భయం లేదు’ అనుకుంది. పిచ్చితల్లి!

ఏడోరోజు పొద్దున్న వీధి గుమ్మంలో రిక్షా ఆగింది. తెల్లచీర, చేతిలో ట్రంకుపెట్టె, జడ బిగించి అల్లుకున్న పిల్ల. బంగారమ్మగారు ఎదురొచ్చారు.

“రండమ్మా, రండి! మీ కోసమే చూస్తున్నాం. కూర్చోండి. ప్రయాణంలో అలిసిపోయుంటారు.” లోపలికి కేకేసి పింగాణీ కప్పులో కాఫీ తెప్పించారు. తాళంచెవి తెచ్చి స్వయంగా చేతిలో పెట్టారు. “మా వీధిలో నర్సమ్మగారు ఉండటం మాకెంత ధైర్యమో! మా కోడలికి పురుడొచ్చింది కూడాను.”

“ఆయ్, చాలా సంతోషమండి. తల్లినీ బిడ్డనీ ఓసారి చూస్తానండి” అంది సత్యకుమారి.

ఆ గొంతు పురిటిగదిలో వినిపించింది. పాపాయి ఇక ఆగలేకపోయింది. చంటిదాన్ని భుజానేసుకుని, పురిటి రోజుల్లో ఎప్పుడూ దాటని నడవ దాటి, హాలు గుమ్మం దాకా వచ్చేసింది. ముఖమంతా నవ్వు.

“అమ్మగోరండీ! ఈ పిల్లెవరనుకున్నారు? నా మనవరాలండి! నా కూతురి కూతురు! మీ పాపాయి మనవరాలు!”

బంగారమ్మగారు కప్పువైపు చూశారు. పిల్లవైపు చూశారు. మళ్ళీ కప్పువైపు చూశారు. హాల్లో ఓ మూల పత్రిక చదువుకుంటున్న వేణుగోపాలరాజు అది మడిచి పక్కన పెట్టాడు.

“అయ్యో, చెప్పడం మర్చిపోయాను” అన్నారు బంగారమ్మగారు. “ఆ ఇల్లు ఇచ్చేశామే పిల్లా. మా నిడదవోలు చుట్టాలు వస్తున్నారు. ఇప్పుడే కబురొచ్చింది. నువ్వు వేరేచోట చూసుకో.”

రిక్షా దిగినప్పటి ‘మీరు’ అంతలోనే ‘నువ్వు’ అయిపోయింది. ఎంతసేపండీ, కాఫీ చల్లారలేదు.

“తాళం ఇప్పుడేగా ఇచ్చారండి” అంది సత్యకుమారి.

“అదే, అక్కడ పెట్టు. బల్ల మీద.”

సత్యకుమారి తాళంచెవి బల్ల మీద పెట్టింది. వేలితో బంగారమ్మగారివైపు తోసింది కూడా. పాపాయికి మైకులో విన్న చిల్లర గుర్తొచ్చింది. ఎక్కడో విన్న సంగతి కళ్ళముందే జరుగుతోంది! వేణుగోపాలరాజు వైపు తిరిగింది.

“చినబాబుగారూ! మీరు చెప్పండి బాబూ! మొన్న మైకులో చెప్పింది ఇదే కదండీ! ఇప్పుడే ఇచ్చేశామంటే మీకెంత బాధయిందో నేను విన్నానండి. ఏడ్చానండి!”

అతని ముఖం ఎర్రబడింది. “అదీ ఇదీ ఒకటేంటి పాపాయీ? వాళ్ళు మన ఒంటిరంగు చూసి అసహ్యించుకున్నారు. అది జాత్యహంకారం. ఇది అమ్మ మడి, ఆచారం. రేపు ఈ పిల్ల ఆ ఇంటి బావిలో నీళ్ళు తోడుకోవాలి, వీధిలో నలుగురూ ఏమంటారు? అర్థం చేసుకోవాలి. నిన్ను మేమెప్పుడైనా ఓ మాటన్నామా? ఇంటిమనిషిలా చూసుకుంటున్నాం కదా!”

“ఆ దొరసానికి మాత్రం ఏదో ఆచారం ఉండుండదా బాబూ?” అంది పాపాయి. “దాని వీధిలో నలుగురూ ఉండరా?”

చదువుకున్న నోటికి తాళం పడింది. మాంచెస్టరులో రొట్టెల దుకాణంలో బల్ల మీది చిల్లరని రెండేళ్ళు మర్చిపోలేని మనిషికి, తన ఇంటి బల్ల మీది తాళంచెవి కనపడలేదు! కళ్ళున్నాయి, డిగ్రీ ఉంది, కన్నీళ్ళు కూడా ఉన్నాయి. ఆ కన్నీళ్ళన్నీ తన కోసమే.

సత్యకుమారి ట్రంకుపెట్టె తీసుకుని పేటకి నడిచింది. కాఫీ ముట్టుకోలేదు. అయినా ఆ కప్పుని పెరట్లో బూడిద గుంటలో పారేశారు, పురిటిగది కిటికీలోంచి పాపాయి చూసింది.

ఆవిడ ఆ క్షణమే వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. చంటిదానికి బొడ్డు ఇంకా మానలేదు, తల్లికి పాలు సరిగ్గా పడలేదు. మిగతా రోజులూ చేసే పనిలో ఒక్క లోపం రానివ్వలేదు. మాట మాత్రం మానేసింది.

“కోపమొచ్చిందా పాపాయీ?” అని అడిగింది అలివేలుమంగ తొమ్మిదోరోజు.

“కోపమా? సిగ్గేస్తోందమ్మా. ఆ రోజు మైకు విని ఏడ్చినందుకు.”

అలివేలుమంగ తల వంచుకుంది. ఆరోజు తను పాపాయితో ఏమందో గుర్తొచ్చినట్టుంది.

పదకొండో రోజు వచ్చింది. పాపాయి తల్లికి తలంటి, సాంబ్రాణి వేసి, గదిలో పీట మీద కూర్చోబెట్టింది. చంటిదానికి నీళ్ళు పోసి, కాటుక పెట్టి, మెత్తటి గుడ్డలో చుట్టింది. పెరటి అరుగు మీద కొత్త చాప పరిచి ఉంది. చుట్టాలూ, వీధిలో వాళ్ళూ నిలబడ్డారు. పంతులుగారు చెంబుతో సిద్ధంగా ఉన్నారు. పాపాయి బిడ్డనెత్తుకుని చాప దగ్గరికొచ్చి ఆగింది.

“పెట్టవే” అన్నారు బంగారమ్మగారు.

“పెట్టనండి.”

“ఏంటీ?”

“కింద పెట్టనండి. చినబాబుగారూ, ఇలా రండి. చెయ్యి చాపండి. మీ పిల్ల బల్ల మీద తోసే చిల్లర కాదు బాబూ. నా చేతుల్లోంచి మీ చేతుల్లోకి తీసుకోండి. మనిషి చెయ్యి మనిషికి తగిలితే ఏమౌతుందని ఊరందరినీ అడిగారు కదా. ఏమౌతుందో చూద్దాం రండి!”

పెరడంతా గగ్గోలెత్తింది. “దీనికి మతిపోయింది!” “ఎంత పొగరు!” “మనవరాలికి ఉద్యోగమొచ్చిన మదం!” అని తలో మాటా అన్నారు. పంతులుగారు ముహూర్తం దాటిపోతోందన్నారు. చంటిది ఏడుపు లంకించుకుంది. పాపాయి కదల్లేదు. చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. అవే చేతులు ముప్పై ఏళ్ళ కిందట నీలంగా పడ్డ పిల్లాణ్ణి పైకెత్తాయి.

వేణుగోపాలరాజు ఒక అడుగు ముందుకేశాడు. నిజంగానే వేశాడు, అన్యాయంగా చెప్పకూడదు. తరవాత తల్లి ముఖం చూశాడు, తండ్రి ముఖం చూశాడు, గోడ మీంచి తొంగిచూస్తున్న వీధిని చూశాడు. ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు పురిటిగదిలోంచి అలివేలుమంగ లేచొచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది, తలంటు జుట్టు ఇంకా తడిగానే ఉంది. అత్తగారు “ఆగు, ఆగు!” అంటున్నా ఆగలేదు. పాపాయి చేతుల కింద తన చేతులు పెట్టి, రెండు క్షణాలు అలాగే ఉంచి, పిల్లని అందుకుంది.

పాపాయి చీరా బియ్యం ముట్టుకోకుండా బయటికి నడిచింది. సందు మలుపు కూడా తిరగలేదు, బావి గిలక కిర్రుమంది. బంగారమ్మగారి కేక వినిపించింది, “ఇద్దరికీ పొయ్యండి! తల నుంచి పొయ్యండి!” పదకొండు రోజుల పచ్చి బాలింతకీ, పసిగుడ్డుకీ మళ్ళీ స్నానం, నీళ్ళు కాచే ఓపిక కూడా లేకుండా చన్నీళ్ళు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. పాపాయి సందులో గోడకి ఆనుకుని, ఆ ఏడుపు ఆగేదాకా నిలబడింది. వెళ్ళి ఆ చెంబు లాక్కోవాలనిపించింది. పదకొండో రోజు దాటిపోయింది, ఇక ఆ గుమ్మం ఆవిడది కాదు.

ఊళ్ళో ఇల్లు దొరకలేదని పైవాళ్ళకి రాశారు. ఆరోగ్య కేంద్రం మూడు మైళ్ళ అవతల మందలపాడుకి పోయింది. అక్కడ యెహెజ్కేలు అనే రిటైరయిన బడిపంతులు పేట మొదట్లో ఉన్న తన పెంకుటిల్లు ఇచ్చాడు. సత్యకుమారితో పాటు పాపాయి కూడా వెళ్ళిపోయింది. ముందుగదిలో మందుల బీరువా, పక్కన కాన్పుల మంచం, తలుపు తీస్తే రోడ్డు. అమ్మమ్మ బొడ్డుకోసే కత్తెర నీళ్ళలో మరగబెట్టడం నేర్చుకుంది, మనవరాలు అడ్డం తిరిగిన బిడ్డని చేత్తో సర్దడం నేర్చుకుంది. నల్లంపర్రులో రాజుగారి పెంకుటిల్లు మాత్రం తాళం వేసే ఉంది. నిడదవోలు నుంచి ఏ చుట్టమూ రాలేదు. వేణుగోపాలరాజు అదే ప్రసంగం భీమవరంలో ఒకసారి, తణుకులో ఒకసారి చేశాడని, జనం చప్పట్లు కొట్టారని తెలిసింది. కొడతారు, ఎందుకు కొట్టరూ!

రెండేళ్ళు గడిచాక ఓ మధ్యాహ్నం మందలపాడులో వాళ్ళ ఇంటి ముందు జీపు ఆగింది. వేణుగోపాలరాజు దిగాడు. రోడ్డు మీదే నిలబడ్డాడు, గుమ్మం ఎక్కలేదు. పాపాయి అరుగు మీద కూర్చుని పసిగుడ్డలు మడతలు పెడుతోంది.

“పాపాయీ, బావున్నావా?”

“బావున్నామండి. పాప బావుందా?”

“బావుంది. మాటలొచ్చేశాయి.” కాసేపు నసిగాడు. “మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఇంకో రెండు వారాలు ఉంది. భీమవరం తీసుకెళ్తానంటే మంగ వినడం లేదు. నీ చేతుల్లోనే కావాలంటోంది. వచ్చి పది రోజులుండాలి. జరిగిందేదో జరిగిపోయింది, మనసులో పెట్టుకోకు.”

పాపాయి చేతిలో గుడ్డ మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

“మీ చుట్టాలు వచ్చారా బాబూ, ఆ ఇంట్లోకి?”

అతను నేలచూపులు చూశాడు. “లేదు.”

“అమ్మాయిని ఇక్కడికి తీసుకురండి” అంది పాపాయి. “బంగారంలా చూసుకుంటాం. నీళ్ళు పోసేది నేనే, చేతికిచ్చేదీ నేనే. ముందు గుమ్మంలోంచే రమ్మనండి. మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది బాబూ, మేం ఎవరికీ ఇచ్చెయ్యలేదు.”